యుద్ధకాలపు యూనివర్సిటీ గురించి రాయబోతున్న నీకు

అమ్మాయ్,

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా యూనివర్సిటీలు దేశానికి ఎలా అక్కరకొచ్చాయో రాస్తానన్నావు, మంచి విషయమే పట్టుకున్నావు. కానీ నువ్వు పంపిన ప్లాన్‌లో మొదటి అధ్యాయమే అణు రియాక్టర్. దాన్ని తీసి వెనక్కి పెట్టు. షికాగో యూనివర్సిటీలో 1942 డిసెంబర్ 2న భౌతిక శాస్త్రవేత్త ఫెర్మీ బృందం స్టేడియం గ్యాలరీ కింద మొదటి అణు రియాక్టర్ నడిపిందని చదివేవాళ్లకు ఎలాగూ తెలుసు. అక్కడ వాళ్లకంత చోటు ఎలా దొరికింది? ఆ యూనివర్సిటీ 1939లోనే ఫుట్‌బాల్ మానేసింది కాబట్టి. నువ్వు వెతకాల్సినవి ఇలాంటివే, గది ఎవరిది, టైమ్ ఎవరిది, డబ్బు ఎవరిది.

ముందు టైమ్‌టేబుల్ చూడు. 1940, 1943 కోర్సుల కేటలాగులు రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏది పోయింది, ఏది వచ్చింది గుర్తు పెట్టుకుంటూ పో. పెర్ల్ హార్బర్ తర్వాత చాలాచోట్ల వేసవి సెలవులు ఎత్తేసి ఏడాది పొడుగునా క్లాసులు నడిపారు, నాలుగేళ్ల డిగ్రీ మూడేళ్ల లోపే అయిపోయేలా. దాన్నంతా దేశభక్తి ఖాతాలో వేసెయ్యకు. 1942 నవంబర్‌లో సైన్యంలోకి పిలిచే వయసు ఇరవై నుంచి పద్దెనిమిదికి దించారు, ఇక క్లాసుల్లో మగపిల్లలెక్కడ, ఫీజులెక్కడ? అందుకే 1943 జులైలో నేవీ వాళ్లు తమ కాబోయే అధికారులను కాలేజీల్లో చదివించే వీ-12 శిక్షణ 131 కాలేజీల్లో మొదలైనప్పుడు చిన్న కాలేజీలు ఊపిరి పీల్చుకున్నాయి.

ఆర్మీ కథ వేరు. ఏఎస్‌టీపీ (ఆర్మీ స్పెషలైజ్డ్ ట్రైనింగ్ ప్రోగ్రాం) అని వాళ్లూ కుర్రాళ్లను యూనిఫాంలోనే కాలేజీలకు పంపారు. తీరా 1944 మొదట్లో ముందు వరసలో మనుషులు కావాలని దాన్ని ఒక్కసారిగా కోసేసి, వాళ్లలో చాలామందిని పదాతిదళానికి తోసేశారు. వాళ్లను నమ్ముకుని హాస్టళ్లు, మెస్‌లు సర్దుకున్న కాలేజీల సంగతేంటి? ఆ వసంతంలో డీన్లు, రిజిస్ట్రార్లు రాసుకున్న ఉత్తరాలు వదలకుండా చదువు. ప్రెసిడెంట్ల వార్షిక నివేదికలు మాత్రం సగమే నమ్ము, అవి ట్రస్టీలను మెప్పించడానికి రాసినవి.

డబ్బు దగ్గర కాస్త ఓపిక పట్టాలి, బోర్ కొడుతుంది. యుద్ధ పరిశోధనను నడిపించిన ఇంజనీరు వానెవర్ బుష్ 1940లో ఎన్‌డీఆర్‌సీ, మరుసటి ఏడాది ఓఎస్‌ఆర్‌డీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలతో పెట్టిన పద్ధతి ఏంటంటే, ప్రభుత్వం సొంత ల్యాబులే కట్టుకుంటూ కూర్చోకుండా యూనివర్సిటీతో కాంట్రాక్ట్ రాసుకుంటుంది, లాభం నష్టం లేకుండా ఖర్చులిస్తుంది, కరెంటు, ఆఫీసులాంటి ఓవర్‌హెడ్ కూడా కలిపి. రాడార్ మీద పనిచేసిన ఎంఐటీ రేడియేషన్ ల్యాబ్ అలాగే 1940 చివర్లో మొదలై నాలుగు వేలమంది దాకా పెరిగింది. 1943లో దాని కోసం తాత్కాలికమని చెప్పి చెక్కతో కట్టిన 20వ నంబర్ బిల్డింగ్‌ను 1998 దాకా కూల్చలేదు! నన్నడిగితే బాంబు కంటే ఆ కాంట్రాక్టే యూనివర్సిటీలను ఎక్కువ మార్చింది.

ఇంకొకటి, ఇది నీ ప్లాన్‌లో అసలు లేదు. 1942 ఫిబ్రవరి అధ్యక్ష ఉత్తర్వు తర్వాత పశ్చిమ తీరంలో జపాన్ మూలాలున్న విద్యార్థులు చదువు మధ్యలో వదిలి క్యాంపులకు పోవాల్సి వచ్చింది. అదే ఏడాది నేవీ తన జపనీస్ భాషా స్కూలును బర్క్‌లీ నుంచి కొలరాడోలోని బోల్డర్‌కి మార్చింది, ఎందుకంటే ఆ భాష చెప్పే టీచర్లలో చాలామంది కూడా జపాన్ మూలాలవాళ్లే, తీరంలో ఉండకూడదు. విద్యార్థులను ఒక అధ్యాయంలో, స్కూలును ఇంకో అధ్యాయంలో రాశావంటే అసలు సంగతి జారిపోతుంది. రెండూ ఒకే పేజీలో రావాలి. కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆ పిల్లలకు గౌరవ డిగ్రీలివ్వాలని తీర్మానించింది 2009లో.

పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఫిరంగి గుళ్లు పోయే దారి లెక్కలు కట్టిన ఆడవాళ్ల గురించి నువ్వు రాసుకున్నది బాగుంది, దాన్ని కదపకు.

1945తో మాత్రం ఆపెయ్యకు. మాజీ సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వం భరించేలా చేసిన 1944 జీఐ బిల్లు వల్ల 1947కల్లా కాలేజీల్లో చేరినవాళ్లలో దాదాపు సగం మంది మాజీ సైనికులే, ఈసారి గదుల కొరత మొదలు. కేటలాగుల పని అయ్యాక ఆ టైమ్‌టేబుల్ అధ్యాయం ముందు పంపు, మిగతావి తర్వాత చూద్దాం.

మీ మాస్టారు