ఫిబ్రవరిలో కత్తెర పట్టాల్సిందే

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిరుడు కంచె పక్కన పెట్టిన క్లెమాటిస్ పూలతీగ చలికి ఎండిపోయింది, పీకేయనా అని అడిగావు. పీకకు, అది చావలేదు. నువ్వు పంపిన ఫొటోనే పెద్దది చేసి చూడు, కింది కణుపుల దగ్గర బియ్యపుగింజంత మొగ్గలున్నాయి.

నీది జాక్‌మనీ కదా. ఇంగ్లండులో మన సర్రే కౌంటీలోనే, వోకింగ్‌లో జాక్‌మన్ వాళ్ల నర్సరీలో 1860 ప్రాంతంలో పుట్టిన రకం. జూలై నుంచి సెప్టెంబరు దాకా పూస్తుంది, అదీ ఆ ఏడాది వచ్చిన కొత్త కొమ్మల మీదే. అందుకని ఈ నెలాఖరుకి నేల నుంచి అడుగు ఎత్తులో, గట్టి మొగ్గల జతకి కాస్త పైన, అన్ని కొమ్మలూ కత్తిరించెయ్. మొదటి ఏడాది నాకూ చెయ్యి రాలేదు. తీరా ఆగస్టులో పూలన్నీ పక్కింటి గ్యారేజీ కప్పు మీద, నా వైపు చీపురుకట్టలాంటి మోళ్లు! మీ అమ్మమ్మ చలికాలంలో మల్లెపాదు ఆకంతా దూసి కొమ్మలు నరికేస్తుంటే అయ్యో అనుకునేదాన్ని. వేసవికి విరగబూసేది. ఇదీ అంతే. కానీ వసంతంలో పూసే మోంటానా లాంటి క్లెమాటిస్ రకాల్ని ఇప్పుడు ముట్టుకున్నావో, ఈ ఏటి పూలు పోయినట్టే.

దీనికి కాకరపాదులా నులితీగలుండవు, ఆకు కాడే మెలితిరిగి పట్టుకుంటుంది. లావు కంచె చెక్కల్ని అది చుట్టలేదు, సన్నటి వైరు కట్టు.

తలకి ఎండ, మొదలుకి చల్లదనం కావాలి. నేను మొదట్లో చప్పటి రాయి పెట్టి మురిసిపోయాను. దాని కిందే స్లగ్‌లు, అంటే గుల్లలేని నత్తలు, కాపురం పెట్టి, లేత చిగుళ్లు రాత్రికి రాత్రే కొరికేశాయి. టార్చి పట్టుకుని ఏరలేక చచ్చాను. ఇప్పుడు ఆకుల ఎరువే మందంగా పరుస్తున్నాను, మొదలుకి తగలకుండా.

కుండీలో ఉన్నదానికన్నా రెండు మూడంగుళాలు లోతుగానే పాతావా? పాతి ఉంటే టెన్షన్ లేదు. ఎప్పుడైనా ఒక కొమ్మ ఉన్నట్టుండి వాడి నల్లబడితే, పచ్చిగా ఉన్నచోటి దాకా, లేదంటే నేల దాకా కోసెయ్. మట్టిలోని కణుపుల నుంచి మళ్లీ లేస్తుంది.

గ్లవ్స్ వేసుకో, దాని రసం తగిలితే చెయ్యి మండుతుంది. శనివారం వాన లేకపోతే నేనే వస్తా. మొదటి కొమ్మ మాత్రం నువ్వే కొయ్యాలి.

నీ పెద్దమ్మ