రె: యూకే పోలీస్‌కి బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉండాల్సిందేనా?
తమ్ముడూ, అప్లికేషన్ మొదట్లోనే ఆగిపోయింది, బ్రిటిష్ పాస్‌పోర్ట్ లేకనేనా అని అడిగావు కదా. అడ్డం పాస్‌పోర్ట్ కాదు, నీ వర్క్ వీసా. ఇండియా కామన్వెల్త్ దేశమే కాబట్టి ఇంగ్లండ్, వేల్స్‌లో మన పాస్‌పోర్ట్‌తోనే అప్లై చేసుకోవచ్చు, కాకపోతే ఐఎల్ఆర్ (యూకేలో గడువు లేకుండా ఉండిపోయే అనుమతి) వచ్చి ఉండాలి, టైమ్ లిమిట్ ఉన్న వీసా పనికిరాదు. అది వచ్చేదాకా ఊరికే కూర్చోకు, వెట్టింగ్‌లో, అంటే ఉద్యోగంలోకి తీసుకునే ముందు నీ గురించి చేసే విచారణలో, అప్పుల సంగతి కూడా చూస్తారు, కార్డు బాకీలుంటే తీర్చెయ్. పరుగు కూడా మొదలుపెట్టు, ఫిట్‌నెస్ టెస్ట్‌లో 15 మీటర్లు బీప్ మోగేలోపు అటూ ఇటూ పరిగెత్తాలి, లెవల్ పెరిగేకొద్దీ బీప్ త్వరగా మోగుతుంది, లెవల్ 5.4 దాకా వెళ్లాలి, మొత్తం 4 నిమిషాలు కూడా ఉండదు గానీ గిర్రున వెనక్కి తిరిగేటప్పుడే తెలుస్తుంది బాధ, నాకైతే మొదటిసారి పిక్కలు పట్టేశాయి. బూట్లు మంచివి కొనుక్కో.