స్వరం మీది చుక్క చెదరకుండా: సంగీతం కాగితాలకు ఇంటి ప్రింటరు

ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకులు ఈసారి పంపిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి: పాటలు, స్వరాలు ఇంట్లోనే అచ్చు తీసుకోవడం ఎలా అని. అందుకే ఈ పేజీలు పూర్తిగా దానికే.

ప్రశ్న: ఇంటి దగ్గర ఇరవై మంది పిల్లలకు సంగీతం చెబుతాను. గీతాలు, వర్ణాలు, కృతులు స్వరాలతో సహా కంప్యూటర్లో ఎక్కించి పెట్టుకున్నాను. నెలకు 200 పేజీల దాకా పడుతుంది. షాపులో కలర్ ఇంకు ట్యాంకు ప్రింటరు తీసుకోమంటున్నారు. తీసుకోనా? (ఒక పాఠకురాలు, రాయగడ)

వద్దండి. మీ పనికి రంగుల అవసరం లేదు. కాగితాన్ని తనే తిప్పుకుని రెండు వైపులా వేసే నలుపు తెలుపు లేజర్ ప్రింటరు తీసుకోండి.

కారణం చుక్క. మన స్వరలిపిలో అక్షరం పైన చుక్క ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రం, ఏదీ లేకపోతే మధ్యస్థాయి. మామూలు సైజు అక్షరం మీద ఆ చుక్క అర మిల్లీమీటరు ఉంటే గొప్ప. పైగా తెలుగులో 'రి', 'ని' నెత్తిన గుడి ఉంటుంది, 'స', 'ప', 'ద' నెత్తిన తలకట్టు ఉంటుంది. తారస్థాయి చుక్క వాటికి తగలకుండా, వెంట్రుకవాసి ఎడంతో కూర్చోవాలి. పల్చటి ఇంకు చవక కాగితం నారల్లోకి పాకిందంటే చుక్కా గుడీ కలిసి ముద్దయిపోతాయి. పైషడ్జం దాటి రిషభం అందుకోవాల్సిన పిల్ల కింద రిషభం పాడి ఆగిపోతుంది. తప్పు ఆ పిల్లది కాదు, కాగితానిది. లేజర్‌లో ఉండేది ఇంకు కాదు, టోనర్ అనే పొడి. అది వేడికి కరిగి కాగితానికి పైపైనే అతుక్కుంటుంది, పక్కకి పాకదు.

రెండో సంగతి తడి. ఇంకులు రెండు రకాలు. డై ఇంకు నీళ్లలో కరిగే రంగు, చెమట చేయి తగిలినా చెదురుతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు నలుసులుగా ఉంటుంది, ఆరాక అంత తేలిగ్గా కదలదు. టోనర్ అయితే వానలో సంచి తడిసినా కాగితం ముడతలు పడుతుందేగాని అక్షరం చెదరదు. మీ వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పిల్లల సంచులు ఎలా వస్తాయో మీకు చెప్పనక్కర్లేదు.

మూడోది వాడకం. వేసవి సెలవుల్లో నెలరోజులు ముట్టకపోతే ఇంకు ప్రింటరు రంధ్రాలు ఎండిపోతాయి. టోనర్ పొడి ఎండేది కాదు.

లేజర్‌తో ఒక ఇబ్బంది మాత్రం ఉంది: కరెంటు. లోపలి రోలరు వేడెక్కే క్షణాల్లో చిన్న లేజర్ కూడా వెయ్యి వాట్ల దరిదాపుల్లో లాగుతుంది. ఇంటి ఇన్వర్టరుకో కంప్యూటరు యూపీఎస్‌కో తగిలించకండి. నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి, కరెంటు ఉన్నప్పుడే పని చేసుకోండి. గంటల తరబడి కోతలుండి ఇన్వర్టరు మీదే నడపాల్సిన ఇల్లయితే మా సలహా మారుతుంది. అప్పుడు ఇంకు ట్యాంకే మేలు, అది పదీ ఇరవై వాట్లతో నడుస్తుంది. కాకపోతే నలుపు ఇంకు పిగ్మెంటేనా అని అడిగి తీసుకోండి.

ఖర్చు లెక్క సులువు. టోనర్ ధరను దాని పేజీల సంఖ్యతో భాగించండి. 2,600 పేజీల టోనర్ 3,000 రూపాయలకు దొరికితే పేజీకి రూపాయి పదిహేను పైసలు, మీకు పదమూడు నెలలు వస్తుంది. కంపెనీ చెప్పే పేజీల లెక్క కాగితంలో నూటికి 5 వంతులు మాత్రమే నల్లబడుతుందన్న అంచనా మీద వేసింది. మీ పేజీ కిక్కిరిసి ఉంటే ఆ మేరకు తగ్గుతుంది. ప్రింటరుతో పాటు పెట్టెలో వచ్చే టోనర్ చాలాసార్లు పూర్తిగా నింపింది కాదు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఇంకో తేడా కూడా చూసుకోండి. బ్రదర్ చిన్న లేజర్లలో టోనర్, డ్రమ్ (పొడిని కాగితం మీదికి చేర్చే గొట్టం) వేర్వేరు భాగాలు. హెచ్‌పీ 12ఏ, 88ఏ లాంటి కార్ట్రిడ్జ్‌లలో డ్రమ్ లోపలే ఉంటుంది, కార్ట్రిడ్జ్‌తోనే మారుతుంది.

షాపుకి ఉత్త చేతులతో వెళ్లకండి. తార రిషభం, తార నిషాదం, మంద్ర ధైవతం, మంద్ర నిషాదం, రెండో కాలపు గీతలు, అన్నీ ఉన్న రెండు పేజీల పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. పేజీ మూలన సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి ఉంచండి. రిజల్యూషన్ 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టించండి, టోనర్ సేవ్ తీసేయించండి. ఆ సేవింగ్ చుక్కల్లోంచే పొడి తగ్గిస్తుంది. సైజు దగ్గర 'ఫిట్' కాకుండా 'యాక్చువల్ సైజ్' ఎంచి రెండు వైపులా వేయించండి. వచ్చిన కాగితం మీద గీతను స్కేలుతో కొలవండి. తడివేలితో రుద్దండి. వెలుతురుకు ఎత్తిపట్టి అవతలి చుక్కలు ఇవతలికి ఎంత కనిపిస్తున్నాయో చూడండి. చివరగా, పాడైతే మీ ఊళ్లోనే బాగుచేస్తారా, విజయనగరమో విశాఖో రైలెక్కించాలా అన్నది బిల్లు కట్టే ముందే తేల్చుకోండి.

ప్రశ్న: లేజర్ ప్రింటరు ఉంది. వానాకాలంలో కాగితాలు చుట్టుకుపోతున్నాయి, ఇరుక్కుంటున్నాయి. రెండు వైపులా వేస్తే వెనక స్వరాలు ముందుకు కనపడుతున్నాయి. (గునుపురం)

రెండు రోగాలకూ మూలం కాగితమే. మీ జిల్లాలోనే, జేకేపురంలో, 1962 నుంచీ కాగితం మిల్లు నడుస్తోంది. అక్కడి వాళ్లనడిగినా ఇదే చెబుతారు: కాగితం గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. చెమ్మ పట్టిన కాగితం వేడి రోలరు కిందకి వెళ్లగానే ఒకవైపు ముందుగా ఆరి చుట్టుకుంటుంది. దాని మీద పొడి కూడా సరిగా నిలవక అచ్చు వెలిసినట్టు వస్తుంది. రీము పైకవరు చెమ్మను ఆపడానికే ఉంది, పూర్తిగా చించేయకండి. ఆ పూటకి కావలసిన ముప్పై నలభై కాగితాలు తీసి, మిగతాది కవరులోనే మడిచి మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. రాత్రి ట్రేలో కాగితం వదలొద్దు. అప్పటికీ చుట్టుకుంటుంటే ట్రేలో కట్టను తిరగేసి పెట్టి చూడండి.

వెనక అచ్చు కనిపించకుండా ఉండాలంటే 75 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం గ్రాముల్లో తూగే బరువు) చాలదు, 90 లేదా 100 తీసుకోండి. కొంచెం మీగడ రంగు ఉంటే దీపం వెలుతురులో కళ్లకి ఇంకా హాయి. కవరు మీద అంకె నమ్మకం కుదరకపోతే తూచండి. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు. కాబట్టి 500 కాగితాలు 75 జీఎస్‌ఎం అయితే 2 కిలోల 340 గ్రాములు, 100 అయితే 3 కిలోల 120 గ్రాములు తూగాలి. అంతకన్నా మందం జోలికి వెళ్లకండి. చిన్న లేజర్లు తమంతట తాము తిప్పి వేయగలిగేది సాధారణంగా 105 దాకానే.

ఒక హెచ్చరిక. లేజర్ పేజీలను మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో దాచకండి. కొన్నాళ్లకి టోనర్ ఆ ప్లాస్టిక్‌కి అంటుకుని, కాగితం బయటికి లాగితే అక్షరాలు కవరుతో పోతాయి. పాలీప్రొపిలీన్ కవర్లు అడిగి కొనండి.

ప్రశ్న: పుష్య బహుళ పంచమి త్యాగరాజ ఆరాధనకి పన్నెండు మందిమి కూర్చుని పాడతాం. పేజీ తిప్పడం పెద్ద ఇబ్బంది. ఏ3 ప్రింటరు కొంటే తీరుతుందా? (పర్లాకిమిడి)

ఏడాదికొక ఆరాధన కోసం ఏ3 ప్రింటరు వద్దు. దాని ధర ఎక్కువ, చోటు ఎక్కువ, బాగుచేయించడం ఇంకా కష్టం. ఏ4 పేజీలను ఒకవైపే వేసి పక్కపక్కన అతికిస్తే నాలుగు పేజీల కృతి విసనకర్రలా విచ్చుకుంటుంది, తిప్పే పనే ఉండదు.

అతికించడానికి సెల్లోటేపు వాడకండి. ఏడాదిలో పసుపు తిరిగి జిడ్డు కారుతుంది, పీకితే టోనరు కూడా ఊడి వస్తుంది. మందుల షాపులో దొరికే తెల్లటి మైక్రోపోర్ టేపు, అరంగుళం వెడల్పుది తెచ్చుకోండి. రెండు పేజీలను బల్ల మీద బోర్లా వేసి, అంచులు ఆనించకుండా రెండు మిల్లీమీటర్ల సందు వదలండి. పైనుంచి కిందికి ఒకే పట్టీగా అతికించండి. ఆ సందు లేకపోతే మడత పడదు, రెండో రోజుకే టేపు చిరుగుతుంది. మూడో పేజీని కూడా అలాగే. తర్వాత పత్రికలా మడవండి.

నేల మీద కూర్చుని, కాగితం వ్యాసపీఠం మీద పెట్టుకుని చదివేటప్పుడు కంటికీ అక్షరానికీ మధ్య రెండడుగులకు పైగా దూరం ఉంటుంది. స్వరాలు 18 పాయింట్ల కన్నా తగ్గించకండి, సాహిత్యం 16 ఉన్నా ఫర్వాలేదు. పేజీ విరుపు ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మధ్యలో పడకూడదు. అవసరమైతే కింద ఖాళీ వదిలేసి చరణాన్ని కొత్త పేజీలో ఎత్తుకోండి.

ప్రశ్న: చర్చి గాయక బృందానికి స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) అచ్చు తీస్తాను. ఇంకు ట్యాంకు ప్రింటరు ఉంది. మాటలు బాగానే వస్తాయి కానీ అయిదు గీతల్లో ఒకటో రెండో మాయమవుతున్నాయి. పాత పుస్తకం ఏ4 కన్నా పెద్దది. (బల్లార్షా)

గీత మాయమవడానికి కారణం ప్రింటరు నడకలోనే ఉంది. ఇంకు తల కాగితానికి అడ్డంగా పరుగెడుతుంది. ఒక రంధ్రం మూసుకుపోతే ఆ వరసంతా అడ్డంగా తెల్లగా మిగులుతుంది. అక్షరంలో అది కంటికి ఆనదు. స్టాఫ్ గీత కూడా అడ్డంగానే ఉంటుంది, సన్నంగానూ ఉంటుంది. కాబట్టి మూసుకుపోయిన రంధ్రం దాని మీద పడితే గీతే పోతుంది. ముందు నాజిల్ చెక్ (రంధ్రాల పరీక్ష) పేజీ తీయండి. అందులో తెగిన గీతలుంటే హెడ్ క్లీనింగ్ ఒకసారి చేసి మళ్లీ చూడండి. వరసగా మూడుసార్లకు మించొద్దు, ప్రతిసారీ ఇంకు వృథాగా లోపలి స్పాంజిలోకి పోతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున ప్రయత్నించండి. ఇకమీదట వారానికొక పేజీ తప్పనిసరిగా వేయండి. గోడ స్విచ్చితో ఆపకండి, ప్రింటరు బటన్‌తోనే ఆపండి. అప్పుడే తల తన మూత కిందికి వెళ్తుంది.

నిలువు గీతలు మెట్లుమెట్లుగా వస్తుంటే అది వేరే సంగతి. తల వెళ్తూ వేసిందీ వస్తూ వేసిందీ కలవడం లేదు. హెడ్ అలైన్‌మెంట్ చేసి, సెట్టింగుల్లో హైస్పీడ్ తీసేయండి.

ఇక సైజు. వాయించేవారి కాగితంలో అయిదు గీతల మొత్తం ఎత్తు సుమారు 7 మిల్లీమీటర్లు ఉంటే చదవడానికి సుఖం. పుస్తకం పెద్దదని 'ఫిట్' నొక్కి కుదించకండి. 600 డీపీఐతో స్కాన్ చేసి, నాలుగు వైపులా తెల్లటి అంచులు కత్తిరించి, నూటికి నూరు సైజులోనే వేయండి. చాలా పేజీలు ఏ4లో పట్టేస్తాయి. ఏ3ని ఏ4కి దించితే నూటికి 71కి వస్తుంది, 7 మిల్లీమీటర్ల స్టాఫ్ 5 అవుతుంది. 300 డీపీఐలో అంత సన్నటి గీతకు ఒకటిన్నర చుక్కే వంతుకొస్తుంది. సగం చుక్క వేయడం ప్రింటరుకు చేతకాదు కదా, అందుకే ఒక గీత లావుగా, ఒకటి సన్నగా కనిపిస్తుంది.

చంద్రపూర్ జిల్లాలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. చాలా ఇంకు ప్రింటర్లకు 35 వరకే హద్దు. ఎండాకాలం అచ్చుపని తెల్లవారుజామున పెట్టుకోండి.

ప్రశ్న: మా పిల్లలు ఒడియా మీడియం. తెలుగు స్వరాల కింద సాహిత్యం ఒడియా లిపిలో ఇస్తాం. ఇంట్లో బాగుంటుంది, నెట్ సెంటర్లో వేయిస్తే చుక్కలు పక్కకి పోతాయి, కొన్నిచోట్ల డబ్బాలు వస్తాయి. (బరంపురం)

మీ ఫాంటు వాళ్ల కంప్యూటర్లో లేదు. వర్డ్ ఫైలు ఇవ్వకండి. ఇంట్లోనే పీడీఎఫ్ చేసి అది ఇవ్వండి. చేశాక పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఫాంట్ల జాబితా తెరిచి, ప్రతి పేరు పక్కన 'ఎంబెడెడ్' (ఫాంటు ఫైల్లోనే ఇమిడి ఉంది) అని ఉందో లేదో చూడండి. తెలుగుకీ ఒడియాకీ నోటో ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. యూనికోడ్‌లో తెలుగు అక్షరం మీద స్వరచుక్క పెడితే చాలా ఫాంట్లలో అది పక్కకి జారుతుంది. పట్టిక గీసి, గడికొక స్వరం పెట్టి, చుక్కలకు పైన ఒక సన్న వరస, కింద ఒక సన్న వరస వేరుగా ఉంచితే ఆ బాధ ఉండదు. ఫోన్ నుంచి నేరుగా వేసినప్పుడు కొన్ని యాప్‌లు పేజీని బొమ్మగా మార్చి పంపుతాయి, చుక్కలు మసకబడతాయి. కంప్యూటర్ నుంచే వేయండి.

మహారాష్ట్ర వైపు ఉన్నవారికి ఒక మాట. పిల్లలు బడిలో హిందుస్తానీ నేర్చుకుంటుంటే భాత్ఖండే లిపిలో స్వరం కింద గీత అంటే కోమలం, అంటే ఒక మెట్టు దిగిన స్వరం. మన పుస్తకాల్లో గీత కాలానికి గుర్తు. ఒకే పిల్లకి రెండూ ఇస్తుంటే కాలం గీతలు స్వరాల పైనే వేయండి, కింద వేయకండి.

ప్రశ్న: లేజర్ పేజీల్లో లేని చోట చుక్కలు పడుతున్నాయి. మధ్యస్థాయి స్వరం తారస్థాయిలా కనిపిస్తోంది. (సిరొంచ)

స్కేలు తీసుకుని చుక్కకీ చుక్కకీ నిలువు దూరం కొలవండి. ప్రతిసారీ ఒకే దూరమైతే డ్రమ్ మీద ఏదో అంటుకుంది, లేదా గీత పడింది. బ్రదర్ చిన్న లేజర్లలో ఆ దూరం 94 మిల్లీమీటర్లు, డ్రమ్ చుట్టుకొలత అంతే. ఎక్కడపడితే అక్కడ పడుతుంటే, పేజీ అంతా బూడిద రంగు కమ్ముతుంటే, రీఫిల్ చేసిన పొడి సరైంది కాకపోవచ్చు, లేదా వ్యర్థం పొడి పట్టే అర నిండి కారుతోంది. డ్రమ్ మీద మచ్చ ఉంటే ప్రింటరు ఆపి, చల్లారాక బయటికి తీసి, పొడి దూదిపుల్లతో మచ్చను మెల్లగా తుడవండి. గోరు, బ్లేడు తగలనీయకండి. వెలుతురుకి డ్రమ్ పాడవుతుంది, తుడవని సమయంలో నల్లటి గుడ్డ కప్పి ఉంచండి. తుడిచినా చుక్క పోకపోతే అది గీతే, డ్రమ్ మార్చాల్సిందే. మార్చేదాకా కొత్త పాఠాలు వేయకండి. ఇప్పటికే పంచిన కాగితాల్లో దొంగ చుక్కలను ఎర్ర పెన్నుతో కొట్టేసి ఇవ్వండి.