మశకమే మస్కిటో అయిందా?

ప్రశ్న: సంస్కృతంలో దోమను మశకం అంటారు. అదే ఇంగ్లీషులోకి వెళ్లి మస్కిటో అయిందని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా?

జవాబు: కాదు. మస్కిటో స్పానిష్ మాట. ఆ భాషలో మోస్కా అంటే ఈగ. పేరు చివర ‘ఇతో’ చేరిస్తే చిన్నది అని అర్థం. బుర్రో అంటే గాడిద, బుర్రీతో అంటే చిన్న గాడిద (ఇప్పుడు హోటళ్లలో తింటున్న బరీటో పేరు కూడా ఇదే!). అలాగే మోస్కీతో అంటే చిట్టి ఈగ. 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషువాళ్లు ఈ మాటను తీసుకున్నారు. ఇలాంటి చిన్న ఎగిరే పురుగులకు న్యాట్, మిడ్జ్ అనే సొంత మాటలు వాళ్లకు అప్పటికే ఉన్నాయి.

స్పానిష్ మోస్కాకు మూలం లాటిన్ ముస్కా. ఇంటి ఈగ శాస్త్రీయ నామం ముస్కా డొమెస్టికాలో ఉన్నది అదే.

మరి మశకం? వినడానికి దగ్గరగా ఉంది కదా అని చుట్టరికం కలిపేయకూడదు. సంస్కృతంలో తాలవ్య ‘శ’ ఉన్నచోట లాటిన్‌లో ‘క’ కనిపిస్తుంది: శతం–కెంతుం, దశ–దెకెం. ఆ లెక్కన మశకానికి లాటిన్‌లో తోబుట్టువు ఉంటే, ‘శ’ స్థానంలో ‘క’ ఉండాలి. ముస్కాలో అక్కడ ఉన్నది ‘స’. ‘ముస్కాలోనూ క ఉందిగా’ అంటారేమో, అది తర్వాత చేరిన ప్రత్యయం. అసలు ధాతువు ‘ముస్’ వరకే. సంస్కృతానికీ లాటిన్‌కూ చుట్టమైన లిథువేనియన్ భాషలో ఈగను ముసే అంటారు, అందులో ‘క’ లేదు. అచ్చుల సంగతీ అంతే: ఒకదానిలో ‘అ’, ఇంకోదానిలో ‘ఉ’. ఇన్నిచోట్ల పొత్తు కుదరనప్పుడు ఆ పోలిక కాకతాళీయమే.

ముస్కాకు నిజమైన చుట్టం కావాలంటే మస్కెట్ తుపాకీ ఉంది. ఇటాలియన్‌లో మోస్కెట్టో అంటే మొదట అడ్డవిల్లుతో (క్రాస్‌బో) వేసే బాణం. అదీ ‘చిన్న ఈగ’ అనే పేరే. విల్లు పోయి తుపాకీ వచ్చాక పేరు దానికి అంటుకుంది.

ప్రశ్న: మలేరియా దోమ పేరు అనాఫిలిస్ కదా, ఆ మాటకు మలేరియా తెచ్చేదని అర్థమా?

జవాబు: కాదు, గ్రీకులో ‘పనికిరానిది’ అని. జర్మన్ కీటక శాస్త్రవేత్త మైగెన్ 1818లో పెట్టిన పేరిది. సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న. అంటే పేరు పెట్టిన 79 ఏళ్లకు. డెంగీ దోమ ఈడిస్‌కూ 1818లో ఆయనే పేరు పెట్టారు. ‘చికాకు పుట్టించేది’ అని దాని అర్థం.