ల్యాబ్ బాబాయి పేరు ఎక్కడ రాయాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఇంచుమించు ఒకే విషయం మీద ఉన్నాయి. మొదటిదానికి జవాబు పొడుగైంది. అందులో చెప్పవలసినవి ఎక్కువ.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడు చదువుతున్నాను. మా ల్యాబ్ అటెండర్‌ని అందరం బాబాయి అంటాం. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి. మొదటి సెమిస్టర్‌లో నా టైట్రేషన్ (ద్రావణం గాఢత కొలిచే ప్రయోగం) రీడింగులు ఎన్నిసార్లు చేసినా కలిసేవి కావు. ఓ రోజు బాబాయి పక్కకొచ్చి, "ఏటమ్మా, గరాటా తియ్యకుండానే రీడింగు సూసేత్తన్నావు? ఓ సుక్క జారిందంటే నీ లెక్కంతా పోద్ది" అన్నాడు. బ్యూరెట్ (ద్రావణం కొలిచి వదిలే గీతల గాజు గొట్టం) కొసలో ఇరుక్కున్న గాలిబుడగ చూపించిందీ ఆయనే. సెప్టెంబరు 5న మాస్టార్లతో పాటు బాబాయికీ సన్మానం చేద్దామని మా బ్యాచ్ అనుకుంది. "టీచర్స్ డే టీచర్లకి, మధ్యలో అటెండర్ ఎందుకు?" అని ఒకరు అడ్డుపడ్డారు. బాబాయేమో "నాకెందుకమ్మా అయ్యన్నీ" అని తప్పించుకుంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మాయీ, గరాటా సంగతీ గాలిబుడగ సంగతీ రాశావు చూడు, నీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది.

సన్మానం అనగానే మనకి శాలువా, దండ, జ్ఞాపిక గుర్తొస్తాయి. చెయ్యండి, పొందూరు ఖద్దరు ఓ పంచె పెడితే ఇంకా సంతోషం. కానీ ఆయన మీకు ఏం నేర్పాడో శాలువా చెప్పలేదు. మీ బ్యాచ్ వెళ్ళిపోతుంది. హెడ్ మారతారు. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ మారుతుంది. అప్పుడు ఈ మనిషి ఈ ల్యాబ్‌లో ఏం చేశాడని ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక్క కాగితం ఉండదు. నేను ఉద్యోగమంతా విజయనగరంలో డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పాను. ల్యాబ్‌ని నిలబెట్టిన మనుషులు ఫైల్లో ఒక్క మంచి మాట లేకుండా రిటైరై వెళ్ళిపోవడం చూశాను. అది ఇప్పటికీ నాకు బాధే.

మా దగ్గర ఒకాయన ఉండేవారు. వానాకాలం వస్తే బ్యాలెన్స్ పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ నీలం పోయి గులాబీ రంగుకి తిరిగిందేమో పొద్దున్నే చూసుకునేవారు. తిరిగితే ఓవెన్‌లో వేడిచేసి, మళ్ళీ నీలమయ్యాక తెచ్చి పెట్టేవారు. ఊరికే పెట్టి ఊరుకోలేదు, దగ్గరున్న పిల్లని పిలిచి "రంగెందుకు మారిందో మీ మేడమ్‌ని అడుగు" అనేవారు. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చేది. తేమ గురించీ, కోబాల్ట్ లవణం గురించీ ఆ రోజు నేను చెప్పే పాఠం ఆయన మొదలుపెట్టిందే. సోడియం హైడ్రాక్సైడ్ పోసిన బ్యూరెట్‌ని కడక్కుండా వదిలేస్తే దాని గాజు కుళాయి (స్టాప్‌కాక్) పట్టేస్తుందని పుస్తకంలోనూ ఉంటుంది. కానీ పిల్లలకి అది చేతికి అలవాటైంది ఆయన దగ్గరే.

కాబట్టి ముందు ఉత్తరం రాయండి. మీ బ్యాచ్ అంతా సంతకాలు పెట్టి, హెడ్ గారి పేరున, రిజిస్ట్రార్ గారికి ఒక కాపీతో. "ఎంతో సహకరించారు, సదా కృతజ్ఞులం" లాంటి మాటలు ఎవరి గురించైనా రాయొచ్చు, అవి వద్దు. ఇలా రాయండి: "రీడింగు తీసేముందు గరాటా తియ్యాలని, కొసలో గాలిబుడగ లేకుండా చూసుకోవాలని మాకు అలవాటు చేశారు. ప్రాక్టికల్ పరీక్షకి ముందు ప్రతి బ్యూరెట్‌నీ స్వయంగా సరిచూశారు." ఒక్కొక్కరిని ఒక్కొక్క సంగతి రాయమను. ఇరవై మంది ఇరవై సంగతులు రాస్తే, అది చదివిన ఏ అధికారీ ఆయన్ని 'సీసాలు కడిగే మనిషి' అనుకోడు.

ఇక్కడొక జాగ్రత్త ఉంది. దీనికోసమే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి కింద నేల గట్టిది కాదు. "మాస్టారు రాని రోజు బాబాయే క్లాసు చెప్పేవాడు" అని మీరు ప్రేమగా రాసినా, ఆ వాక్యం ఆయనకే ముప్పు తేవచ్చు. "నీ డ్యూటీ కాని పని నువ్వెందుకు చేశావు" అని అడిగే అవకాశం అందులో ఉంది. ఒక మాస్టారిని తగ్గించినట్టూ అవుతుంది. ఆయన చేసిన పని మాత్రమే రాయండి, ఎవరు చెయ్యని పనిని ఆయన చేశాడో రాయకండి. పంపేముందు కూర్చోబెట్టి మొత్తం ఆయనకి చదివి వినిపించండి. వద్దన్న వాక్యం తీసెయ్యండి.

"నాకెందుకమ్మా" అన్నాడంటే ఆయనకి ఇష్టం లేదని వెంటనే అనుకోవద్దు. స్టేజీ మీద నిలబడటం ఇష్టం లేకపోవచ్చు. సార్లు ఏమనుకుంటారోనన్న బెదురు కావచ్చు. నలుగురిలో కాకుండా ఒంటరిగా ఉన్నప్పుడు ఒకసారి అడుగు. అప్పుడూ వద్దంటే సభ మానెయ్యండి, ఉత్తరం మాత్రం ఆయన ఒప్పుకుంటే ఇవ్వండి.

సభ పెడితే హెడ్ గారి అనుమతి కాగితం మీద తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు (1964) 14వ నియమం ప్రకారం ఉద్యోగి తన గౌరవార్థం జరిగే సభకి వెళ్ళాలంటే ముందస్తు అనుమతి ఉండాలి. రిటైర్మెంట్, బదిలీల వీడ్కోలుకి మినహాయింపు ఉంది. ఆ నియమాలు మీ బాబాయికి వర్తించకపోయినా, అనుమతి కాగితం ఆయనకి గొడుగు. డబ్బు కవర్లో పెట్టి ఇవ్వడం మాత్రం వద్దు. పరీక్షల్లో పనిచేసే మనిషి, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే సమాధానం ఆయన చెప్పుకోవాలి.

ఇక టీచర్స్ డే తగువు. సెప్టెంబరు 5 మాస్టార్లకే ఉండనివ్వండి, దానికోసం పోట్లాడకండి. మీకు అంతకంటే తగిన రోజుంది, ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం. 1928లో ఆ రోజున రామన్ ఎఫెక్ట్ బయటపడింది. 1907లో రామన్ కలకత్తా బౌబజార్ వీధిలోని సైన్స్ సంఘానికి వెళ్ళినప్పుడు ఆయనకి ఎదురొచ్చింది ఆశుతోష్ డే అనే సహాయకుడు. తరవాత ఏళ్ళ తరబడి రామన్ ప్రయోగాల్లో ఆయన చెయ్యి ఉంది. యూనివర్సిటీ చదువు లేని ఆ మనిషి పేరు లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో ఒక పరిశోధన పత్రం మీద ఉంది. అడ్డుపడినవారికి ఈ మాట మర్యాదగా చెప్పు, కాదనరు.

మరొకటి, ఇదే నాకు అన్నిటికంటే ముఖ్యం. మీ డిపార్ట్‌మెంట్ ప్రాక్టికల్ మాన్యువల్ మళ్ళీ అచ్చువేసేటప్పుడు బాబాయి చెప్పే జాగ్రత్తలన్నీ ఒక పేజీగా చేర్పించి, కింద ఆయన పేరు వెయ్యమని హెడ్ గారిని అడగండి. వచ్చే ఏడు పిల్లలు ఆ పేజీ చదివాకే బ్యూరెట్ ముట్టుకుంటారు.

ప్రశ్న: విజయనగరం సంస్థానం కాలం నాటి భూముల వ్యవహారాల మీద పిహెచ్.డి. చేస్తున్నాను. జాబితాలో కనబడని పాత గెజిట్లు, పత్రికల సంపుటాలు వెతికి ఇచ్చింది ఒక లైబ్రరీ అసిస్టెంట్. థీసిస్ కృతజ్ఞతల్లో గైడు, అధికారులు, ఇంటివాళ్ళు చాలని మిత్రులంటున్నారు. ఆవిడ పేరు రాయడం బాగుంటుందా?
– ఒక పరిశోధకుడు, విజయనగరం

జవాబు: బాగుండటమేమిటి, రాయకపోతేనే లోటు. "గ్రంథాలయ సిబ్బందికి" అని గుంపులో కలపకండి. పేరు రాసి, ఏ అధ్యాయానికి ఆవిడ వెతికిచ్చిన ఏ సంపుటం ఆధారమైందో ఒక్క వాక్యంలో చెప్పండి. మీ తరవాత అదే దారిలో వచ్చే పరిశోధకుడికి అది దారి చూపుతుంది.

ఎస్.ఆర్.రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమంటుంది. మీ విషయంలో ఆ సూత్రాన్ని నడిపించింది ఆవిడే. 2018 యు.జి.సి. నిబంధనలు లైబ్రేరియన్లని అధ్యాపకులతో పాటు 'అకడమిక్ సిబ్బంది'లో లెక్కిస్తాయి. కింద పనిచేసే అసిస్టెంట్లకి, అటెండర్లకి ఆ లెక్కలో చోటు లేదు. అందుకే మీ పేజీలో చోటు ఇవ్వండి. ఆగస్టు 12 రంగనాథన్ గారి జయంతి, గ్రంథాలయాల దినం. థీసిస్ కాపీ ఒకటి ఆ రోజు ఆవిడ చేతికిచ్చి, మరోటి లైబ్రరీలో పెట్టించండి.

ప్రశ్న: ఒక విశ్వవిద్యాలయం ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ మీద చేస్తున్నాను. సీతంపేట, కురుపాం కొండల నుంచి వచ్చే పిల్లల పేరు ఆధార్‌లో ఒకలా, టెన్త్ మెమోలో మరోలా ఉంటుంది. అది సరిచేయించకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, పిల్లాడు చదువు మానేస్తాడు. మేం చేసేది చదువులో భాగం కాదా? మాకు గుర్తింపు అడిగే హక్కు లేదా?
– ఒక ఉద్యోగిని

జవాబు: భాగమేనమ్మా, సందేహం పెట్టుకోవద్దు. పిల్లాడు క్లాసులో కూర్చుంటేనే ఏ పాఠమైనా. అతన్ని కూర్చోబెట్టినవాళ్ళలో మీరొకరు.

బ్రిటన్‌లో దీనికి ఒక పద్ధతి ఉంది. అడ్వాన్స్ హెచ్.ఇ. అనే సంస్థ నడిపే ఉన్నత విద్యా ప్రమాణాలు పాఠం చెప్పేవాళ్ళకే కాక 'అభ్యసనకు తోడ్పడేవాళ్ళకి' కూడా వర్తిస్తాయి. లైబ్రరీవాళ్ళు, టెక్నీషియన్లు తమ పని రాసి చూపి అసోసియేట్ ఫెలో హోదా తెచ్చుకోవచ్చు. టెక్నీషియన్లకి గుర్తింపు, ఎదుగుదల ఇస్తామని అక్కడి విశ్వవిద్యాలయాలు 2017 నుంచి 'టెక్నీషియన్ కమిట్‌మెంట్' మీద సంతకాలు చేస్తున్నాయి. మనకి అలాంటిది రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మన దగ్గర ఇప్పుడు పట్టుకోగల కొస ఒకటుంది. విద్యాసంస్థలకి గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ 2017లో తెచ్చిన పద్ధతిలో ఆరో ప్రమాణం కింద బోధనేతర సిబ్బంది సంక్షేమం, వాళ్ళకి నడిపిన శిక్షణ కార్యక్రమాలు కూడా అడిగారు. ఆ లెక్క రాసుకునేది మీ క్యాంపస్‌లో నాణ్యత వ్యవహారాలు చూసే ఐ.క్యు.ఏ.సి. విభాగం. అక్కడికి వెళ్ళి, స్కాలర్‌షిప్ పనుల మీద సిబ్బందికి ఒకరోజు శిక్షణ పెట్టించమని, అందులో మీ అనుభవం మీరే చెబుతామని రాసివ్వండి. ఒంటరిగా వెళ్ళకండి, మీ సెక్షన్‌వాళ్ళంతా కలిసి సంతకాలు పెట్టండి.

అప్పటిదాకా ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏ నెలలో ఎందరి కాగితాలు సరిచేయించారు, ఏ తప్పు ఎలా దిద్దించారు, అంతవరకే. పిల్లల ఆధార్ నంబర్లు అందులో ఎక్కించకండి. దరఖాస్తుతో పాటు ఆ పుస్తకంలో రెండు పేజీలు జిరాక్సు తీసి జతచెయ్యండి, ఏం జరిగిందో నాకు మళ్ళీ రాయండి.