టెక్ సందేహాలు: పింగ్ వెళ్తోంది, డొమైన్ మాత్రం దొరకడం లేదు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. ఇక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. పిల్లల లాగిన్లన్నీ విండోస్ సర్వర్‌లోని యాక్టివ్ డైరెక్టరీలో (కాలేజీ డొమైన్‌లోని అకౌంట్లన్నీ ఒకేచోట ఉంచే వ్యవస్థ) ఉన్నాయి. కొత్త ఫైబర్ మోడెం పెట్టినప్పటి నుంచి నా కంప్యూటర్లో యూజర్ల కన్సోల్ తెరిస్తే, డొమైన్‌ను కాంటాక్ట్ చేయలేకపోయామంటూ ఎర్రర్ వస్తోంది. సర్వర్ ఐపీకి పింగ్ వెళ్తోంది (అంటే పిలిస్తే సర్వర్ పలుకుతోంది), నెట్ బాగానే ఉంది. పాత పిల్లలు లాగిన్ అవుతున్నారు, కొత్తవాళ్లు అవ్వడం లేదు. అడ్మిషన్ల టైం, టెన్షన్‌గా ఉంది. సర్వర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

జవాబు: వద్దండీ, సర్వర్ జోలికి అసలు వెళ్లకండి. కంప్యూటర్లను డొమైన్‌లోంచి తీసి మళ్లీ చేర్చే పని కూడా పెట్టుకోకండి. ఐపీకి పింగ్ వెళ్తోందంటే కేబుల్, స్విచ్ బాగున్నట్టే. కన్సోల్ తెరవగానే డొమైన్ కంట్రోలర్ (లాగిన్లను సరిచూసే మీ సర్వర్) ఎక్కడుందని ముందు డీఎన్ఎస్‌ను, అంటే పేరు చెబితే ఐపీ అడ్రస్ చెప్పే సర్వర్‌ను, అడుగుతుంది. కొత్త మోడెం డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు నెట్‌వర్క్ అడ్రస్‌లు దానంతటదే పంచే ఏర్పాటు) ద్వారా అన్ని కంప్యూటర్లకూ డీఎన్ఎస్‌గా తన అడ్రసే ఇస్తున్నట్టుంది. దానికి గూగుల్ తెలుసు, మీ కాలేజీ డొమైన్ తెలియదు.

పాత పిల్లల సంగతి చూస్తే నా అనుమానం ఇంకా బలపడుతోంది. విండోస్ మామూలుగా చివరి 10 మంది లాగిన్ వివరాలను ఆ కంప్యూటర్లోనే దాచుకుంటుంది. సర్వర్ దొరక్కపోయినా వాళ్లను లోపలికి పంపేస్తుంది. కొత్తవాళ్లకు ఆ వీలు లేదు.

కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్’ (ipconfig /all) కొట్టి డీఎన్ఎస్ సర్వర్స్ అన్న వరుస చూడండి. అక్కడ 192.168.1.1 లాంటి మోడెం అడ్రస్ కనిపిస్తే దొంగ దొరికినట్టే. మోడెం డీహెచ్‌సీపీ సెట్టింగుల్లో డీఎన్ఎస్‌గా మీ సర్వర్ ఐపీ ఒక్కటే ఇచ్చి, కంప్యూటర్లను రీస్టార్ట్ చేయండి. మోడెం అందుకు ఒప్పుకోకపోతే అందులో డీహెచ్‌సీపీ ఆపేసి, ఆ పని సర్వర్‌కే అప్పగించండి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. రెండో డీఎన్ఎస్‌గా 8.8.8.8 (గూగుల్ డీఎన్ఎస్) పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సర్వర్ కాస్త ఆలస్యంగా పలికినప్పుడు విండోస్ రెండోదాన్ని అడుగుతుంది, అది అలాంటి పేరే లేదంటుంది. ఇక ఎర్రర్ ఓ రోజు వస్తుంది, ఓ రోజు రాదు. అలాంటి తలనొప్పిని పట్టుకోవడం చాలా కష్టం. 8.8.8.8ను సర్వర్ డీఎన్ఎస్‌లో ఫార్వర్డర్‌గా (తనకు తెలియని పేర్లను సర్వర్ అడిగే చోటుగా) పెట్టుకోండి, నెట్‌కు అది చాలు.

అప్పటికీ తెరుచుకోకపోతే టైం చూడండి. సర్వర్‌కీ కంప్యూటర్‌కీ 5 నిమిషాలకు మించి తేడా ఉంటే, డొమైన్ లాగిన్లను సరిచూసే కెర్బెరోస్ అనే పద్ధతి లాగిన్‌కు ఒప్పుకోదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం వెనక్కి వెళ్తుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ మార్చాలి.

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని సిరోంచ. వైఫై కస్టమర్ల అకౌంట్లు మైక్రోటిక్ రూటర్‌లో చూసుకుంటాం. ఆ రూటర్ సెట్టింగులు మార్చే విన్‌బాక్స్ ప్రోగ్రాం ఐపీతో కనెక్ట్ అవ్వడం లేదు.

జవాబు: ల్యాప్‌టాప్‌ను నేరుగా రూటర్‌కు కేబుల్‌తో కలిపి, విన్‌బాక్స్‌లో నైబర్స్ ట్యాబ్ తెరవండి. అక్కడ ఐపీ బదులు మ్యాక్ అడ్రస్ (రూటర్ హార్డ్‌వేర్ సొంత గుర్తింపు నంబరు) మీద నొక్కితే చాలావరకు లోపలికి వెళ్లొచ్చు. వెళ్లాక ఐపీ సర్వీసెస్‌లో విన్‌బాక్స్ ఆన్‌లో ఉందో లేదో, పోర్టు 8291 అలాగే ఉందా, ఎవరైనా మార్చారా చూడండి. పని అయిందని ఆ పోర్టును బయటి నెట్‌కు తెరిచి మాత్రం వదలొద్దు. 2018లో విన్‌బాక్స్ లోపం బయటపడినప్పుడు అలా తెరిచి ఉంచిన రూటర్లే హ్యాకర్ల చేతికి చిక్కాయి. రూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ రూటర్‌ఓఎస్ కూడా అప్‌డేట్ చేసుకోండి.