బ్యాంకుకు ముందే కట్టారు, మూడు రూపాయల మిత్తికి దొరికారు

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్నకు కొంచెం బత్తాయి తోట ఉంది. నేను బీఎస్సీ నర్సింగ్ చేసి నల్లగొండలో, నయంకాని రోగుల నొప్పి తగ్గించే పాలియేటివ్ కేర్ వార్డులో కాంట్రాక్టు స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. వయసు 27. చేతికి 27,000 వస్తుంది. చదువుకు బ్యాంకులో 3,60,000 తీసుకుంటే వాయిదాలు మొదలయ్యే నాటికి అది 4,92,300 అయింది. పదేళ్ల గడువు, నెలకు 6,643. రెండేళ్లు కట్టినా పెద్దగా తగ్గలేదని భయమేసి, నెలనెలా కట్టే ఆర్‌డీలో దాచిన 1,20,000 మొత్తం లోన్‌లో కట్టేశాను. ఆ తర్వాతి నెల నుంచి మాకు మూడు నెలలు జీతం రాలేదు. తెలిసినాయన దగ్గర మూడు రూపాయల మిత్తికి 60,000 తెచ్చుకున్నాను, ప్రామిసరీ నోటూ సంతకం పెట్టిన ఖాళీ చెక్కూ ఇచ్చాను. ఐదు నెలలుగా మిత్తే కడుతున్నాను. ఇప్పుడు జీతం వస్తోంది, పాత బకాయి 81,000 మాత్రం రావాలి. అది రాగానే మళ్లీ ఎడ్యుకేషన్ లోన్‌లోనే కట్టేద్దామా? అమెరికాలో చివరి దశ రోగులను చూసే హాస్పిస్‌లో చేసే మా చిన్నమ్మ కూతురు అక్కడ పదేళ్లు చేస్తే మిగిలిన లోన్ మాఫీ అంటోంది. ఇక్కడా అలాంటిది వస్తోందని మా వార్డు వాళ్ల గ్రూపులో మెసేజ్ తిరుగుతోంది. వాయిదాలు ఆపి చూడమంటారా? ఒక యాప్‌లో 2 లక్షలు వెంటనే ఇస్తామని చూపిస్తోంది, తీసుకోవచ్చా? నెల ఖర్చుల కాగితం జత చేశాను. అమ్మ దగ్గర మూడు తులాల గొలుసు కూడా ఉంది.

జవాబు: మీరు మూడు ప్రశ్నలు అడిగారు. నాకు మాత్రం మీరు అడగని నాలుగో దాని మీదే చూపు పడింది. ఆ 1,20,000 కట్టిన రోజు సాయంత్రం మీ ఖాతాలో ఎంత మిగిలింది? ఉత్తరంలో ఆ అంకె లేదు. ఖాతాలో పైసలు మిగిలి ఉంటే తర్వాతి నెలకే మిత్తికి వెళ్లేవారు కాదు.

సలహా కోసం మహబూబ్‌నగర్‌లో నా టేబుల్ ముందు కూర్చునే వాళ్లలో ఈ తప్పు చేసేది దుబారా మనుషులు కాదు, బుద్ధిమంతులే. ప్రైవేటు స్కూలు టీచర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, మీలాంటి సిస్టర్లు. అప్పు అంటే ఇంట్లో పాము ఉన్నట్టే వాళ్లకు. నాలుగు పైసలు కూడగానే ఉన్నదంతా ఊడ్చి బ్యాంకులో కట్టి ఆ రాత్రి హాయిగా నిద్రపోతారు. రెండో నెలలో ఏదో ఒకటి వస్తుంది, జీతం ఆగుతుంది, లేదా నాన్న మోకాలు పట్టేస్తుంది. కట్టిన పైసలు వెనక్కి ఇమ్మంటే బ్యాంకు ఇవ్వదు. ఎడ్యుకేషన్ లోన్‌లో పైసలు లోపలికి పోయే దారే ఉంది, బయటికి వచ్చే దారి లేదు.

మీ భయం నాకు అర్థమైంది. రెండేళ్లలో 1,59,000 కడితే అసలు తగ్గింది 62,000 మాత్రమే. మొదటి ఏళ్లలో ఎవరికైనా అంతే, వాయిదాలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. 1,20,000 ముందే కట్టడం వల్ల గడువు 36 నెలలు తగ్గింది, మొత్తం మీద లక్షకు పైగా వడ్డీ తప్పింది. కాగితం మీద మీరు చేసింది మంచి పనే. నేను తప్పు పట్టేది వరసను.

ఇప్పుడు చేతి లెక్క చూడండి. మీ లోన్ పదిన్నర శాతం అని వాయిదాను బట్టి తెలుస్తోంది. 1,20,000 కట్టినందుకు నెలకు మీకు తప్పిన వడ్డీ 1,050. మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం, 60,000 మీద నెలకు 1,800. వెయ్యి మిగిలిందని సంతోషపడి పద్దెనిమిది వందలు పోగొట్టుకుంటున్నారు. ఐదు నెలల్లో 9,000 పోయాయి, 60,000 అలాగే కూర్చుంది.

అసలు ఆ మూడు నెలలు గడవడానికి మీకు ఎంత కావాల్సి వచ్చింది? మీరు పంపిన కాగితంలో గదికీ తిండికీ 7,500, ఇంటికి 5,000 అని ఉంది. వాయిదాతో కలిపితే నెలకు 19,143. మూడు నెలలకు 57,429. మీరు తెచ్చిన 60,000 సరిగ్గా దానికే సరిపోయింది. ఆర్‌డీ పైసలు కదిలించకుండా ఉంటే ఆరు నెలలు ఎవరి గుమ్మం ఎక్కే పని లేకుండా గడిచేది. మిగతా అంకెలు మరిచిపోయినా ఆ ఆరు నెలల లెక్క గుర్తుంచుకోండి.

పర్మినెంటు ఉద్యోగికి మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలంటాను. కాంట్రాక్టు వాళ్లకు ఆరు నెలలకు తగ్గితే ఒప్పుకోను. మీ జీతం ఎంత అన్నది ఒక లెక్క, ఎప్పుడు పడుతుందన్నది ఇంకో లెక్క. బ్యాంకు వాయిదాకు ఈ రెండో లెక్కతో పని లేదు, దాని తేదీకి అది ఖాతా దగ్గర నిలబడుతుంది.

ఇక్కడ ఒక సొంత మాట. మా పెద్దమ్మకు క్యాన్సర్ ముదిరిన రోజుల్లో జడ్చర్లలో ఇంటికి ఒక సిస్టర్ వచ్చేది. మార్ఫిన్ మాత్ర ఎప్పుడెప్పుడు ఇవ్వాలో మాకు తలకెక్కకపోతే, పాత క్యాలెండర్ కాగితం తిరగేసి గళ్లు గీసి పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని రాసి మంచం పక్కన గోడకు అంటించింది. ఇచ్చినప్పుడల్లా టిక్కు పెట్టమంది. ఆ నెలా, అంతకుముందు నెలా ఆమెకు జీతమే రాలేదని తర్వాత ఎప్పుడో వాళ్ల డ్రైవర్ చెబితే తెలిసింది. ఎదుటివాళ్ల నొప్పికి గంటల లెక్క రాసిన మనిషి, తన ఇంటి ఖర్చుకు నెలల లెక్క రాసుకుందో లేదో. మీ ఉత్తరం చదువుతుంటే ఆ కాగితమే గుర్తొచ్చింది.

సరే, అమెరికా సంగతి. మీ చిన్నమ్మ కూతురు చెప్పింది అబద్ధం కాదు. అక్కడ 2007లో తెచ్చిన చట్టం కింద పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్‌గివ్‌నెస్ అనే పథకం ఉంది. ప్రభుత్వంలో గానీ, లాభాపేక్ష లేని సంస్థలో గానీ ఫుల్‌టైమ్ పనిచేస్తూ 120 నెలవారీ వాయిదాలు కడితే మిగిలిన బాకీ మాఫీ చేస్తారు. అదీ అక్కడి కేంద్ర ప్రభుత్వం నేరుగా ఇచ్చిన లోన్‌కే, ప్రైవేటు బ్యాంకు లోన్‌కు కాదు. అక్కడి హాస్పిస్‌లలో ఎక్కువ భాగం లాభం కోసం నడిచేవే. వాటిలో నర్సుగా పదేళ్లు కాదు, ఇరవై ఏళ్లు చేసినా ఇది వర్తించదు. మొదటి బ్యాచ్‌కు పదేళ్లు నిండి దరఖాస్తులు పెట్టుకుంటే, 2018లో తేలిన లెక్క ప్రకారం నూటికి 99 తిరస్కరించారు. తర్వాత నిబంధనలు సడలించాక చాలామందికి మాఫీ అయింది, అది వేరే కథ. ఇందులో మీరు గమనించాల్సింది ఒకటే. అక్కడ మాఫీ వచ్చేది వాయిదాలు ఆపిన వాళ్లకు కాదు, 120 వాయిదాలు కట్టిన వాళ్లకు.

మన దగ్గర పాలియేటివ్ కేర్‌లో చేస్తున్నారని ఎడ్యుకేషన్ లోన్ తీర్చే పథకం లేదు. ఉండాలని నేనూ అంటాను. చావు దగ్గర కూర్చుని చేసే పని అది, ఆ మాత్రం ఆసరా న్యాయమే. కానీ లేనిదాన్ని నమ్ముకుని వాయిదా ఆపమని నేను చెప్పను. 2024లో పంట రుణాల మాఫీ చూశాం గనుక అన్ని అప్పులకూ ఎప్పుడో ఒకప్పుడు మాఫీ వస్తుందనే ఆశ మన జిల్లాల్లో గట్టిగా నాటుకుంది. గ్రూపులో మెసేజ్ పంపినవాళ్లు మీ వాయిదా కట్టరు. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. ఆ లోన్ కాగితం మీద మీ నాన్న సంతకం కూడా ఉంటుంది. రేపు ఆయన తోటకు రుణం అడిగితే బ్యాంకు ముందుగా చూసేది దాన్నే.

లోన్ తీసుకున్నప్పుడు ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే చదువు కాలానికీ, ఆ తర్వాత ఏడాదికీ కేంద్రం వడ్డీ కట్టే పథకం ఉంది. దాన్ని తహసీల్దార్ ఆదాయ ధ్రువపత్రంతో బ్యాంకు ద్వారానే అడగాలి. మీ 3,60,000 కాస్తా 4,92,300 అయిందంటే మీకు ఎవరూ చెప్పలేదని తెలుస్తోంది. మీకు ఆ దశ దాటిపోయింది. ఊళ్లో నర్సింగ్ చదువుతున్న చెల్లెళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకైనా చెప్పండి. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి ఆదాయపు పన్నులో ఇచ్చే 80ఈ మినహాయింపు మీకు అక్కరకు రాదు, మీ జీతానికి పన్నే లేదు.

యాప్ గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను, దాని మీద నాకు ఓపిక లేదు. వద్దు. 2020 చివర్లో ఈ లోన్ యాప్‌ల వేధింపులకు మన రాష్ట్రంలో ప్రాణాలు పోయాయి, హైదరాబాద్ పోలీసులు వరసగా అరెస్టులు చేశారు. 2022లో రిజర్వు బ్యాంకు నిబంధనలు పెట్టాక కూడా దొంగ యాప్‌లు పేరు మార్చుకుని వస్తూనే ఉన్నాయి. మీ ఫోన్‌లో పేషెంట్ల బంధువుల నంబర్లు ఎన్ని ఉంటాయో ఆలోచించండి. రేపు ఆ యాప్ మనిషి ఫోన్ చేసేది వాళ్లకే. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే కాంటాక్టులకు ఇచ్చిన అనుమతి తీసేసి డిలీట్ చేయండి. ఎవరైనా బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అప్పులంటే ఇంత చిరాకు పడే నేను మీకు ఒక అప్పే చెప్పబోతున్నాను. అమ్మ దగ్గర మూడు తులాల గొలుసు ఉందని చివర్లో రాశారు. దాన్ని ఎడ్యుకేషన్ లోన్ మూయడానికి తాకట్టు పెడదామా అన్న ఆలోచన మీకు ఉన్నట్టుంది. వద్దు. దాన్ని బ్యాంకులో, ప్రైవేటు ఫైనాన్స్‌లో కాదు, బ్యాంకులోనే పెట్టి 60,000 మాత్రం తీసుకోండి. ఎక్కువ ఇస్తామన్నా తీసుకోకండి. ఆ రోజే మూడు రూపాయల అప్పు తీర్చేయండి. బ్యాంకులో పది శాతం వేసుకున్నా నెలకు 500 అవుతుంది. 1,800 పోయే చోట 500 పోతుంది. అమ్మ ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి, బకాయి వచ్చేదాకా మిత్తి కడుతూ ప్రతి నెలా అసల్లో కొంచెం కొంచెం కట్టించుకోమని అప్పిచ్చిన ఆయన్ను అడగండి.

బకాయి 81,000 వచ్చిన రోజు 60,000తో గొలుసు విడిపించండి. మిగిలిన 21,000 కొత్త ఖాతాలో వేయండి. అది వేరే బ్యాంకులో ఉండాలి, దానికి ఏటీఎం కార్డు వద్దు, యూపీఐ తగిలించవద్దు. ఇంక ఎడ్యుకేషన్ లోన్‌లో నెల వాయిదా తప్ప ఒక్క రూపాయి అదనంగా కట్టకండి. వాయిదా, గది, ఇల్లు పోగా మీకు 7,857 మిగలాలి. అందులో 7,000 ఆ ఖాతాకు పంపితే ఏడాది రెండు నెలల్లో 1,15,000, అంటే మీ ఆరు నెలల ఖర్చు, దాటుతుంది. అప్పుడు రాయండి, ముందుగా కట్టడం గురించి మాట్లాడుకుందాం. ఇప్పుడు బాకీ 2,90,000 దాకా ఉంటుంది, అది ఎక్కడికీ పారిపోదు.

బకాయి రావడం ఆలస్యమైతే? అప్పటిదాకా గోల్డ్ లోన్‌కు వడ్డీ మాత్రం కడుతూ, ముందు ఒక నెల ఖర్చు 19,000 ఖాతాలో పడేలా చూడండి. ఆ తర్వాతే గొలుసు. వరస తిప్పకండి.

మళ్లీ జీతం ఆగితే మిత్తికిచ్చే ఆయన దగ్గరికి వెళ్లే ముందు బ్యాంకు బ్రాంచికి వెళ్లండి. గడువు పెంచి వాయిదా తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. ఎడ్యుకేషన్ లోన్‌కు 15 ఏళ్ల దాకా గడువు ఇవ్వొచ్చు, మీకు ఇచ్చింది పదేళ్లే. మీరు ముందుగా కట్టిన 1,20,000ను రాబోయే వాయిదాల కింద చూపిస్తారా లేదా అని కూడా కౌంటర్‌లో కాదు, మేనేజర్‌నే అడగండి.

బీమా సంగతి కూడా వదలను. మీకేదైనా అయితే ఈ లోన్ మీ నాన్న మీద పడుతుంది. ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి, ప్రమాదాలకు 20 రూపాయల సురక్ష బీమా మీ జీతం ఖాతాలోనే ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. రెండిట్లోనూ 2 లక్షల చొప్పున ఉంటుంది. హోమ్ కేర్‌కు పల్లెలు తిరిగేవాళ్లు 20 రూపాయల దగ్గర బద్ధకించడం నాకు అర్థం కాదు. బీపీ, షుగర్ లేని 27 ఏళ్లకు 10 లక్షల టర్మ్ పాలసీ చౌకగానే వస్తుంది, ఆ కొత్త ఖాతాలో ఆరు నెలల ఖర్చులో సగం నిండాక తీసుకోండి. ఇంట్లో ఆహార భద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది, అందులో మీ పేరు ఉందో లేదో చూసుకోండి.

ఒకటి మరిచాను. 60,000 తెచ్చుకున్నప్పుడు ప్రామిసరీ నోటు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇచ్చానని రాశారు. తీర్చే రోజు ఒక్కరే వెళ్లకండి, మీ నాన్నను గానీ మేనమామను గానీ వెంట తీసుకెళ్లండి. పైసలు నగదుగా ఇవ్వకుండా ఖాతాకు పంపండి. నోటు మీద ముట్టినట్టు రాయించి సంతకం తీసుకోండి, చెక్కు మీ చేతికి వచ్చాకే అక్కడి నుంచి లేవండి. ఇంట్లో వెతికి రేపు ఇస్తానంటే, పర్లేదు వెతకండి, కూర్చుంటాం అనండి.